మీ ముక్కుకు ఆ పేరు ఎక్కడిది?

హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారుకు నడిచిపోగల దూరంలో మొఘల్‌పురా ఉంది. అక్కడ ఒక గల్లీలో సాయంత్రం పూట పిల్లలు క్రికెట్ ఆడుతున్నారనుకోండి. బంతి ఎగిరివచ్చి ఒకడి ముఖానికి తగిలింది. "అబ్బా, నా ముక్కు!" అంటూ వాడు కూలబడ్డాడు. పక్కనున్నవాడు పరుగెత్తుకొచ్చి, "అరే, నాక్ సే ఖూన్ ఆరా!" అని అరిచాడు. మూడోవాడు జేబులోంచి దస్తీ తీసి ఇచ్చాడు. కాసేపటికి నెత్తురు ఆగింది. ఆట మళ్ళీ మొదలైంది.

వాళ్ళను ఆడుకోనిద్దాం. వాళ్ళ నోట వచ్చిన మాటలను మనం పట్టుకుందాం. ఒకడు ముక్కు అన్నాడు, ఇంకొకడు నాక్ అన్నాడు. రెండింటిలోనూ 'క' ఉంది. అయితే ఇవి రెండూ చుట్టాలేనా? దస్తీ అన్న మాట ఎక్కడినుండి వచ్చింది? అసలు మన ముక్కుకు ముక్కు అన్న పేరే ఎందుకుంది?

ఇవి సరదా ప్రశ్నల్లా కనిపిస్తాయి. కాని ఇలాంటి ప్రశ్నల మీద పెద్ద పెద్ద పండితులు తగవులాడుకున్నారు. "తెలుగు ఏ భాష నుండి పుట్టింది?" అన్న ప్రశ్నకు రెండు వందల ఏళ్ళ క్రితం చాలామంది తప్పు జవాబు చెప్పేవారు. ఆ తప్పును దిద్దడంలో కన్ను, చెవి, చెయ్యి వంటి చిన్న చిన్న ఇంటి మాటలు గట్టి సాక్ష్యం చెప్పాయి. ఆ కథ ఏమిటో చూద్దాం.

నాలుగు రకాల పోలికలు

రెండు భాషలలో రెండు మాటలు ఒకేలా వినబడితే, అందుకు నాలుగు కారణాలలో ఏదో ఒకటి ఉండాలి.

మొదటిది చుట్టరికం. ఒకే పాత భాష నుండి రెండు భాషలు చీలిపోతే, ఆ పాత భాషలోని మాట రెండింటిలోనూ మిగులుతుంది. తెలుగులో తల, కన్నడంలో తలె, తమిళంలో తలై. ఇవి ఒక తల్లి పిల్లలు.

రెండవది అప్పు. మొఘల్‌పురా పిల్లవాడి జేబులోని దస్తీ ఇలాంటిదే. పారశీక భాషలో 'దస్త్' అంటే చెయ్యి. చేతిలో ఉంచుకునే గుడ్డ కాబట్టి దస్తీ అయింది. ఉర్దూ ద్వారా తెలంగాణ తెలుగులోకి వచ్చి స్థిరపడిపోయింది. దస్తావేజులో ఉన్నదీ ఈ 'దస్తే'. పైజమాలో ఉన్నది 'పా', అంటే కాలు. కాలికి తొడిగే జామా పాజామా అయింది; అదే మన నోట పైజమా. తెల్లవారుజామున పాతబస్తీ హోటళ్ళలో నహారీతో పాటు దొరికే 'పాయా' కూడా కాలే. మేక కాళ్ళ పులుసు అన్న మాట!

మూడవది కేవలం కాకతాళీయం. ఉర్దూలో 'కాన్' అంటే చెవి. తమిళంలో 'కణ్' అంటే కన్ను. ఇంచుమించు ఒకే ధ్వని, అవయవం మాత్రం వేరు. వీటి మధ్య ఏ సంబంధమూ లేదు. ప్రతి భాషలోనూ ధ్వనులు కొన్నే, మాటలు వేలకొద్దీ. అప్పుడప్పుడు రెండు మాటలు ఒకేలా పలకడంలో వింత లేదు.

నాలుగవది ఒకే ఆలోచన. కంటి నడుమ ఉండే నల్లని చుక్కను మనం కనుపాప అంటాం. ఎవరి కంట్లోకైనా దగ్గరగా చూస్తే అందులో మన బొమ్మే చిన్నగా కనిపిస్తుంది, పాపలాగా. లాటిను భాషలో దానిని 'పుపిల్లా' అన్నారు. ఆ మాటకు చిన్న పిల్ల, బొమ్మ అని అర్థం. ఇంగ్లీషు 'ప్యూపిల్' అందులోంచి వచ్చిందే. సంస్కృతంలో 'కనీనిక' అన్నా చిన్నపిల్లే. ఉర్దూలో 'పుత్లీ' అంటే బొమ్మ. ఒకరి మాటను ఇంకొకరు తీసుకోకపోయినా, కంట్లోకి చూసిన ప్రతివారికీ ఒకే ఊహ తట్టిందన్న మాట!

భాషల చుట్టరికం తేల్చాలంటే ఈ నాలుగింటిలో మొదటిదాన్ని మాత్రమే ఏరుకోవాలి. మిగతా మూడింటినీ పక్కన పెట్టాలి. అదెలా?

ఇంటి సొత్తు, అప్పు సరుకు

మీ ఇంట్లోని వస్తువులు ఒకసారి చూడండి. గడియారం, రేడియో, కుర్చీ కొనుక్కొచ్చినవి. కాని తాత ముత్తాతల నాటి రోలు మాత్రం ఇంటితో పాటే ఉంది. భాష కూడా అంతే. కొత్త వస్తువు వస్తే దానితో పాటు పేరూ వస్తుంది. కొత్త పాలకులు వస్తే కచేరీ మాటలు వస్తాయి. కొత్త చదువు వస్తే పుస్తకాల మాటలు వస్తాయి. కాని చెయ్యి కొత్తగా రాదు కదా! మనిషి మాట్లాడడం నేర్చిన నాటి నుండీ చెయ్యి ఉంది, దానికొక పేరూ ఉంది. తల్లి పసిబిడ్డకు మొదట నేర్పే మాటలలో "కన్నేది? ముక్కేది?" అన్నవి ఉంటాయి. అందుకే ఇలాంటి మాటలను ఒక భాష మరొక భాష నుండి తెచ్చుకోవడం తక్కువ.

అమెరికా భాషావేత్త మోరిస్ స్వాదేశ్ 1950ల నుండి ఇలాంటి గట్టి మాటల పట్టికలు తయారు చేశాడు. ఆయన వంద మాటల పట్టికలో దాదాపు పాతిక మాటలు శరీరానికి సంబంధించినవే. 2009లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో ప్రపంచంలోని 41 భాషలను తీసుకుని, ఏ రకం మాటలు ఎంత ఎక్కువగా అరువు వస్తాయో లెక్కగట్టారు. బట్టలు, అలంకరణలకు సంబంధించిన మాటలలో నూటికి 38కి పైగా అరువువి. శరీరానికి సంబంధించిన మాటలలో అవి నూటికి 14 మాత్రమే.

చూశారా? పైజమా, దస్తీ వచ్చాయి. కాలు, చెయ్యి మారలేదు. మొఘల్‌పురా గల్లీలో మనం చూసినదే 41 భాషల లెక్కలోనూ తేలింది.

అయితే ఒక జాగ్రత్త. 'తక్కువ' అంటే 'అసలు లేదు' అని కాదు. ఇందాక రెండవ పిల్లవాడు అన్న 'ఖూన్' పారశీకం నుండి ఉర్దూలోకి వచ్చిన మాటే. నాలుకను చెప్పే 'జబాన్' కూడా అంతే. కాబట్టి ఒక్క మాటను పట్టుకుని తీర్పు చెప్పకూడదు. పది మాటలు కలిసి ఒకే సాక్ష్యం చెప్పాలి.

కన్ను వెంట ఒక ప్రయాణం

ఇప్పుడు మన 'కన్ను'ను తీసుకుని బయలుదేరుదాం. తమిళంలో కణ్. మలయాళంలో, కన్నడంలో కణ్ణు. ఉత్తరానికి తిరిగి ఆదిలాబాదు అడవుల వైపు పోతే, అక్కడి గోండీ, కొలామీ భాషలలో కన్. ఇంకా పైకి, ఝార్ఖండు ప్రాంతంలోని ఉరావ్ ప్రజల కురుఖ్ భాషలో ఖన్న్. మొదటి ధ్వనిని 'ఖబర్' అనేటప్పుడు ఉర్దూవారు పలికే 'ఖ' లాగా గొంతులోంచి పలకాలి. చివరికి పాకిస్తానులోని బలూచిస్తాన్ కొండలకు పోతే, అక్కడి బ్రాహుయీ భాషలో ఖన్!

కన్యాకుమారి నుండి బలూచిస్తాన్ దాకా ఒకే కన్ను మనలను చూస్తోంది. బ్రాహుయీ మాట్లాడే పశువుల కాపరి తెలుగు వినలేదు. కొలాము రైతు బ్రాహుయీ వినలేదు. అప్పు తీసుకునే అవకాశమే లేదు. మరి పోలిక ఎలా వచ్చింది? చుట్టరికం వల్లనే. ఈ భాషలన్నిటికీ మూలమైన భాష ఒకటి ఒకప్పుడు ఉండేది. దానిని భాషావేత్తలు మూల ద్రావిడం అంటారు.

ముక్కు సంగతీ ఇంతే. తమిళ, మలయాళాలలో మూక్కు, కన్నడంలో మూగు. ఉర్దూ నాక్ మాత్రం ప్రాకృతంలోని 'నక్క' నుండి వచ్చింది. అక్కడ ఆ మాటకు ముక్కు అనే అర్థం, మన అడవి నక్కకూ దానికీ సంబంధం లేదు. కాబట్టి ముక్కు, నాక్ చుట్టాలు కావు. వాటిలోని 'క' కాకతాళీయం.

నియమం ఉంటేనే చుట్టరికం

"ఇలా ధ్వని కలిసినవన్నీ చుట్టాలంటే సరిపోతుందా?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. సరిపోదు. నిజమైన చుట్టాలు ఒక్కోసారి పోలికే లేకుండా ఉంటాయి. చుట్టరికానికి గుర్తు పోలిక కాదు, నియమం. ఈ జంటలను చూడండి. మొదటిది తెలుగు, రెండవది కన్నడం.

పల్లు – హల్లు
పొట్ట – హొట్టె
పాలు – హాలు
పాము – హావు
పులి – హులి

తెలుగులో మొదట 'ప' ఉన్నచోట కన్నడంలో 'హ' ఉంది. ఒక్క మాటలో కాదు, వరుసగా అన్నిటిలోనూ. పాత కన్నడంలో ఈ మాటలకు 'ప' యే ఉండేది. తరువాత అది 'హ'గా మారింది. ఇంకొక వరుస:

చెవి – కివి
చెయ్యి – కై
చెరువు – కెరె
చెడు – కెడు

ఇక్కడ మారింది మనమే. బ్రాహుయీలో చెవిని 'ఖఫ్' అంటారు, కురుఖ్‌లో 'ఖెబ్దా'. దూరంగా ఉన్న చుట్టాలందరూ 'క' వైపే సాక్ష్యం చెబుతున్నారు. అంటే మూలంలో ఉన్నది 'క'. ఇ, ఎ అచ్చుల ముందు తెలుగులో అది 'చ' అయింది. ఇలాంటి మార్పు ఇతర దేశాలలోనూ జరిగింది. లాటినులో నూరు 'కెంతుమ్'. ఇటాలియనులో అదే 'చెంతో' అయింది.

ఇక వేలు సంగతి మరీ వింత. తమిళంలో విరల్, కన్నడంలో బెరళు, తెలుగులో వేలు. మధ్యలోని 'ర' ఏమైంది? మన పాత తెలుగు పుస్తకాలు తెరిస్తే దొరుకుతుంది. అక్కడ దాని రూపం 'వ్రేలు'. విరల్‌లో రెండవ చోటున్న 'ర', తెలుగులో ముందుకు జరిగి 'వ' కింద చేరింది. తరువాత జారిపోయింది. తమిళ 'మరం' మన 'మ్రాను' అయి, 'మాను' అయింది కూడా ఇలాగే. తమిళ 'ఉగిర్', కన్నడ 'ఉగురు' మన 'గోరు' కావడంలోనూ ఇలాంటి చోటు మార్పే ఉంది. మొదటి చూపులో ఉగురుకూ గోరుకూ చుట్టరికం ఉందని ఎవరైనా అనుకుంటారా?

ఈ నియమాలను పట్టుకోవడంలో మన తెలుగువాడైన భద్రిరాజు కృష్ణమూర్తి (1928–2012) ప్రపంచ ప్రసిద్ధుడు. ఒంగోలులో పుట్టి, హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం బోధించాడు. తెలుగు ధాతువులపై ఆయన గ్రంథం 1961లో వెలువడింది. అదే సంవత్సరం బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు ద్రావిడ భాషల మాటలను చుట్టరికం ప్రకారం చేర్చిన నిఘంటువును ప్రచురించారు. దాని రెండవ కూర్పు 1984లో వచ్చింది.

పక్కింటివాడి చుట్టాలు

ఇక మొఘల్‌పురాలో ఉర్దూ మాట్లాడే మన మిత్రుడి వైపు తిరుగుదాం. అతని హాథ్, ఆంఖ్, కాన్, దాంత్ ఎక్కడివి? సంస్కృతంలో హస్త, ప్రాకృతంలో హత్థ, ఉర్దూ, హిందీలలో హాథ్. అలాగే అక్షి, అక్ఖి, ఆంఖ్. కర్ణ, కణ్ణ, కాన్. దంత, దాంత్. చూశారా, ఇక్కడా మెట్లు మెట్లుగా ఒక క్రమం ఉంది.

ఈ మెట్లు ఇంకా కిందికి దిగుతాయి. సంస్కృత 'హస్త'కు పారశీక 'దస్త్' దూరపు సోదరి. 'పాద'కు పారశీక 'పా', లాటిను 'పెద్', గ్రీకు 'పొద్', ఇంగ్లీషు 'ఫుట్' సోదరులు. ఇదంతా ఇండో-యూరోపియను కుటుంబం. అంటే ఏమిటి? మొఘల్‌పురాలో ఉర్దూ పిల్లవాడి దాంత్‌కు చుట్టం ఇంగ్లండులోని టూత్. వాడి పక్కింటి తెలుగు పిల్లవాడి పల్లుకు చుట్టం ఝార్ఖండులోని కురుఖ్ 'పల్ల్'. గోడకు ఇటూ అటూ ఉన్న రెండు ఇళ్ళ మాటలు, వేల మైళ్ళ దూరంలో వేరువేరు బంధువులను వెతుక్కుంటున్నాయి!

ఉప్పుగూడలో పరదేశుల సమాధులు

ఇప్పుడు మొఘల్‌పురా నుండి పాతబస్తీలోనే దక్షిణంగా ఉన్న ఉప్పుగూడకు పోదాం. అక్కడ ఒక పాత శ్మశానం ఉంది. అందులో 17వ శతాబ్దానికి చెందిన సమాధులు ఉన్నాయి. వాటి మీది అక్షరాలు తెలుగు కావు, ఉర్దూ కావు, ఇంగ్లీషూ కావు. అవి ఆర్మీనియా లిపి. గోల్కొండ సుల్తానుల కాలంలో వ్యాపారం కోసం ఎంతో దూరం నుండి వచ్చి, ఇక్కడే కన్నుమూసిన ఆర్మీనియనుల సమాధులవి. ఆ లిపిని క్రీ.శ. 405 ప్రాంతంలో మెస్రోప్ మాష్టోత్స్ అనే పండితుడు రూపొందించాడు.

ఆర్మీనియా భాషను మన కథలోకి ఎందుకు తెచ్చామంటారా? దానికీ తెలుగుకూ చుట్టరికం లేదు. కాని దానికి పట్టిన గ్రహణమూ, మన తెలుగుకు పట్టిన గ్రహణమూ ఒకటే!

ఆర్మీనియా చాలాకాలం ఇరాను నీడలో ఉంది. పార్థియనులనే ఇరానీ రాజవంశీకులు అక్కడ క్రీ.శ. 428 వరకు ఏలారు. ఆ పాలన వెంట వందలకొద్దీ ఇరానీ మాటలు ఆర్మీనియా భాషలో చేరాయి. వాటిని చూసిన 19వ శతాబ్దపు పండితులు, "ఇది పారశీకానికి చెల్లెలు, ఇరానీ భాషల్లో ఒకటి" అని అనుకున్నారు.

1875లో హైన్రిఖ్ హ్యూబ్ష్‌మాన్ అనే జర్మను భాషావేత్త అది తప్పని చూపించాడు. ఎలాగంటే, ఇంటి మాటలనూ అప్పు మాటలనూ నియమాలతో వేరు చేశాడు. మనమూ కొన్ని అవయవాల పేర్లతో చేసి చూద్దాం.

చెయ్యి: పారశీకంలో దస్త్, ఆర్మీనియాలో జెర్న్ ('జల్లెడ'లోని జకారంతో పలకాలి).
కాలు: పారశీకంలో పా, ఆర్మీనియాలో ఒత్న్.
గుండె: పారశీకంలో దిల్, ఆర్మీనియాలో సిర్త్.
మోకాలు: పారశీకంలో జానూ, ఆర్మీనియాలో చుంక్ ('చుక్క'లోని చకారంతో).

ఒక్కటీ పారశీకానికి నకలు కాదు. అలాగని దిక్కులేనివీ కావు. జెర్న్‌కు దగ్గరి చుట్టం గ్రీకు 'ఖెయిర్'. చేతితో పని చేసేవాడనే అర్థంతో ఆ గ్రీకు మాట నుండి పుట్టినదే మనం ఆసుపత్రిలో వినే 'సర్జన్'. సిర్త్‌కు చుట్టం గ్రీకు 'కార్దియా', ఇంగ్లీషు 'హార్ట్'. చుంక్‌కు చుట్టం సంస్కృత 'జాను'. ఆజానుబాహుడు, అంటే చేతులు మోకాళ్ళను తాకేవాడు, అన్న మాటలో మీకు తెలిసినదే.

ఇక్కడా నియమం ఉంది. ఇతర భాషల 'ద' ఆర్మీనియాలో 'త' అవుతుంది: 'పొద్' ఒత్న్ అయింది, 'దంత'కు జోడు అతమ్న్, 'కార్దియా'కు జోడు సిర్త్. మాట మొదటి 'ప' ఒక్కోసారి 'హ' అవుతుంది, ఒక్కోసారి ఒత్న్‌లో వలె పూర్తిగా పోతుంది. లాటిను 'పాతెర్' (తండ్రి) ఆర్మీనియాలో 'హాయ్ర్'. సంస్కృత 'పంచ', పారశీక 'పంజ్' అక్కడ 'హింగ్'. ఇది ఇంగువ కాదండోయ్, అయిదు! పల్లును హల్లు చేసిన కన్నడం గుర్తొచ్చిందా? సంబంధం లేని రెండు భాషల్లో ఒకే రకం మార్పు. మనుషుల పెదవులు, గొంతు ఎక్కడైనా ఒకటే కదా.

మరి అప్పు మాటలను ఎలా పట్టుకోవాలి? అవి నియమాన్ని తప్పించుకుంటాయి. ఆర్మీనియాలో సందేశాన్ని 'పత్గమ్' అంటారు. మనం ఉర్దూలో వినే 'పైగామ్'కు అది జోడు. అందులో 'ప' చెక్కుచెదరలేదు. అంటే 'ప' మారిపోవడం ముగిశాక ఇరాను నుండి దిగుమతి అయిందన్న మాట. కన్నడంలో చూడండి: పాలు 'హాలు' అయింది గాని, పుస్తకం 'హుస్తకం' కాలేదు. పుస్తకం సంస్కృతపు అప్పు మాట!

ఇంకొక విశేషం. ఆర్మీనియాలో చెయ్యి జెర్న్ అయినా, మణికట్టును 'దస్తక్' అంటారు. అది ఇరానీ 'దస్త్' నుండి వచ్చిన అప్పు. మొఘల్‌పురా పిల్లవాడి సంగతీ సరిగ్గా ఇదే: చెయ్యి తనది, చేతిలోని దస్తీ పారశీకానిది. ఒకే పారశీక మాట రెండు దేశాలలో చేతి అంచు దాకా వచ్చింది. చెయ్యి పేరును మాత్రం రెండుచోట్లా కదిలించలేకపోయింది.

మన గ్రహణం విడిచింది ఇలా

తెలుగు సంగతి చూద్దాం. మన పుస్తకాలలో సంస్కృత పదాలు ఎన్నో ఉన్నాయి. శరీరం, అవయవం, హృదయం, నేత్రం, హస్తం. శాస్త్ర పాఠాలలో కాలేయం, మూత్రపిండం. వీటిని చూసి, తెలుగు సంస్కృతం నుండే పుట్టిందని అప్పటి యూరోపియను పండితులు పలువురు రాశారు.

1816లో మద్రాసులో ఏ.డి. కాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణం అచ్చయింది. దానికి మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక వ్యాసం జోడించాడు. తెలుగు, కన్నడ, తమిళ ధాతువులను పక్కపక్కన పెట్టి, ఈ భాషలు ఒక కుటుంబమనీ, ఆ కుటుంబం సంస్కృతం కాదనీ చూపాడు. అందుకు మన వ్యాకరణవేత్తలు ఏనాడో చేసిన విభజన ఆయనకు తోడ్పడింది. మీరు బడిలో చదువుకున్నదే: తత్సమం, తద్భవం, దేశ్యం. మచిలీపట్నానికి చెందిన మామిడి వెంకయ్య తన నిఘంటువు 'ఆంధ్ర దీపిక'లో చెప్పిన విషయాలను ఎల్లిస్ ఉదాహరించాడు. నేత్రం తత్సమం, కన్ను దేశ్యం. పరీక్షలో రెండు మార్కుల కోసం మనం వల్లించే ఆ విభజన, ఒక భాష పుట్టుకను తేల్చడానికి సాధనమైంది! నలభై ఏళ్ళ తరువాత, 1856లో రాబర్ట్ కాల్డ్వెల్ గ్రంథం ద్రావిడ భాషల చుట్టరికాన్ని మరింత విస్తారంగా చూపింది.

ఎల్లిస్ 1816లో, హ్యూబ్ష్‌మాన్ 1875లో చెప్పిన నీతి ఒకటే. భాషలో ఎన్ని మాటలు ఎక్కడివో లెక్కపెట్టినంత మాత్రాన పుట్టుక తెలియదు. ఏ మాటలు ఎక్కడివో చూడాలి. ఇంటి నిండా కొన్న సామాను ఉన్నా, ఇంటివారు ఎవరో ఆ సామాను చెప్పదు కదా! అలాగని అప్పు తెచ్చుకోవడం చిన్నతనమూ కాదు. హృదయం లేని తెలుగు కవిత్వాన్ని, దస్తీ లేని తెలంగాణ మాటను ఊహించుకోగలమా?

మాటల్లో దాగిన మాటలు

మన శరీరపు మాటల్లో ఇంకా పాత మాటలు దాక్కుని ఉన్నాయి. కష్టకాలంలో ఆదుకున్నవారిని "చేదోడు వాదోడుగా నిలిచారు" అంటాం. చేదోడు అంటే చేతి తోడు. మరి వాదోడు? అందులో ఉన్నది 'వాయి', అంటే నోరు. తమిళంలో వాయ్, కన్నడంలో బాయి. మాట తోడు అన్న మాట. మనం 'నోరు' అనడం అలవాటు చేసుకుని 'వాయి'ని మరచిపోయాం. పలుకుబడి మాత్రం దానిని దాచి ఉంచింది.

చార్మినారు దగ్గర పూలమ్మేవారు దండను మూరలతో కొలుస్తారు. మోచేతి నుండి వేలి కొన దాకా ఒక మూర. తమిళంలో మూరను 'ముళమ్' అంటారు, మోచేతిని 'ముళంగై', మోకాలిని 'ముళంగాల్' అంటారు. మన మోచేయి, మోకాలు అన్న మాటల మొదట ఉన్న 'మో', పూల దండ కొలిచే మూర, ఒకే వేరు నుండి వచ్చినవే.

ఊపిరితిత్తి చూడండి. కమ్మరి కొలిమి దగ్గర గాలి ఊదే తోలు సంచి తిత్తి. ఊపిరి ఊదే తిత్తి ఊపిరితిత్తి. ఆ పేరు పెట్టినవారెవరో గాని, మీ శాస్త్ర పుస్తకం ఒక పుటలో చెప్పేదాన్ని ఒక్క మాటలో చెప్పారు.

మీరే చేసి చూడండి

ఒక కాగితం మీద పది అవయవాల పేర్లు వరుసగా రాయండి: తల, కన్ను, చెవి, ముక్కు, పల్లు, నాలుక, చెయ్యి, వేలు, కాలు, ఎముక. పక్కన నాలుగు గళ్ళు గీయండి. మీ బడిలో, మీ వీధిలో ఉర్దూ, మరాఠీ, తమిళం, కన్నడం, గోండీ మాట్లాడేవారు ఎవరైనా ఉంటే వారిని అడిగి నింపండి. పుస్తకంలో చూసి రాయకండి; వారి నోట విని, విన్నది విన్నట్టు రాయండి. తరువాత ఏవి చుట్టాలో, ఏవి అప్పులో, ఏవి కాకతాళీయమో గుర్తించండి. ఒక మాటను బట్టి తొందరపడవద్దు. అదే మార్పు కనీసం మూడు మాటల్లో కనిపిస్తేనే నియమమని రాసుకోండి.

నియమాన్ని పరీక్షించే ఒక చిన్న లెక్క కూడా ఇస్తున్నాం. తెలుగు 'ప' కన్నడంలో 'హ' అవుతుందని తెలుసుకున్నారు. 'వేలు – బెరళు' జంటను బట్టి 'వ' ఏమవుతుందో కూడా గ్రహించే ఉంటారు. అయితే పువ్వు, పండు, వేరు, వెన్న, వేప అన్న మాటలు కన్నడంలో ఏ అక్షరంతో మొదలవుతాయో ముందుగా మీరే చెప్పండి. తరువాత ఈ జవాబులతో సరిచూసుకోండి: హూవు, హణ్ణు, బేరు, బెణ్ణె, బేవు.

కన్నడం నేర్చుకోకుండానే కన్నడ మాటల మొదటి అక్షరం చెప్పగలిగారు కదూ! ముందుగా చెప్పి, తరువాత సరిచూసుకోవడం: శాస్త్రమంటే అదే. దానికి ప్రయోగశాల కావాలని లేదు. ఒక గల్లీ, నలుగురు మిత్రులు, రెండు చెవులు చాలు.